పలమనేరు లైను

పలమనేరు,
9 ఫిబ్రవరి 2024.

తమ్ముడు దేవరాజుకు అక్క దీవెనలు.

మూడు గురువారాలైంది నీ లారీ రాక. మొదటివారం దారిలో ఏదో ఆటంకం అనుకున్నాను. రెండోవారం నీకు జ్వరమేమో అనుకున్నాను. నిన్న కూడా మధ్యాహ్నం రెండున్నర దాకా నీ పళ్ళెం బోర్లించి పెట్టుకుని కూర్చుని, ఇక ఆకలికి ఆగలేక నేనొక్కదాన్నే తిన్నాను.

బెంగుళూరు చిక్కపేటలో నా కొట్టుకు నేను చెప్పిన స్టీలు సరుకు మాత్రం వచ్చింది. ఎవడో వ్యాను వాడు తెచ్చి గడప ముందు పడేశాడు. రెండు క్యారియర్లకు సొట్టలు. "ఎవరప్పా నువ్వు? మా దేవరాజు యాడ?" అని అడిగాను. వాడు బండి దిగకుండానే ఏదో అన్నాడు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే కదా, ఆ జ్వరం తర్వాత ఎడమచెవి దగ్గరికొచ్చి అరిస్తే తప్ప ఏమీ వినపడదు. ఇంక ఫోనులో నీతో ఏం మాట్లాడేది? అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి కవరు కొన్నాను. కౌంటరులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

పదిహేడేళ్ళుగా ప్రతి గురువారం నా కొట్టు ముందు లారీ ఆపి, సరుకు దించి, వెనకగదిలో నాతో అన్నం తిని పోయేవాడివి. మా ఆయన పోయిన సంవత్సరం కూడా తప్పలేదు. ఇప్పుడేమైంది? రెండు మాటలు రాయి.

నీ అక్క
మునిలక్ష్మి


కాడుగోడి, బెంగుళూరు,
16 ఫిబ్రవరి 2024.

అక్కకు నమస్కారం.

నేను బాగున్నాను. లారీ ఇంజను పనికి షెడ్డులో ఉంది. అది వచ్చేదాకా ఓనరు వెంకటేశ్వర్లుగారు నన్ను హోసూరు లైనుకు వేశారు. కొద్ది రోజులు పట్టవచ్చు. గురువారం నాకోసం చూడకుండా వేళకు తిను.

ఇంతే సంగతులు. పని మీద ఉన్నాను.

దేవరాజు


పలమనేరు,
11 మార్చి 2024.

దేవరాజుకు,

మన పక్కకొట్టు మహబూబ్ బాషాభాయి బట్టల కోసం బెంగుళూరు వెళ్ళి నిన్న వచ్చాడు. తన పార్సిళ్ళ గురించి కనుక్కుందామని కలాసిపాళ్యంలో మీ లారీ ఆఫీసుకు పోయాడట. అక్కడ బోర్డు లేదు. ఆ గదిలో ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు పేర్చుకుని ఉన్నారట. పక్కన టీ అంగడివాడిని అడిగితే, ఆఫీసు సంక్రాంతి అయిన వారానికే మూసేశారని చెప్పాడట.

బాషాభాయి ఇదంతా నా చెవి దగ్గర గట్టిగా చెబుతుంటే దారిన పోయేవాళ్ళు నిలబడి విన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆఫీసు మూతపడినందుకు కాదు. ఆ మాట ఊరందరితో పాటు నాకూ అప్పుడే తెలిసినందుకు.

నేను నీకన్నా నాలుగేళ్ళు పెద్దదాన్ని. అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. నా దగ్గర దాచిపెట్టాల్సింది నీకేముందిరా?

మునిలక్ష్మి


కాడుగోడి,
24 మార్చి 2024.

అక్కా,

అబద్ధమే రాశాను. రాసేటప్పుడే చెయ్యి ఆగింది, అయినా రాశాను.

నేను ఆ లారీ ఎక్కిన కొత్తలో హొసకోటె నుంచి పలమనేరు దాకా నలభై ఒక్క దుకాణాలకు సరుకు దించేవాళ్ళం. ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయేది, అందరితో మాట్లాడి మాట్లాడి. కోలారులో బట్టల కొట్లు, ముళబాగిలులో మూడు చెప్పుల అంగళ్ళు, నంగలిలో ఆ పుస్తకాల షాపు. ఆ ముసలాయన ప్రతిసారీ నాకు ఒక పాత క్యాలెండరు ఇచ్చేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. ఒక్కొక్కరే షట్టరు దించుకుంటూ వచ్చారు. పోయిన డిసెంబరుకు తొమ్మిది మిగిలాయి. సగం లారీ ఖాళీగా, టార్పాలిన్ గాలికి కొట్టుకుంటూ వచ్చేవాడిని. నీకు చెప్పలేదు. గురువారం నీ దగ్గర అన్నం తింటూ ఆ మాట ఎలా ఎత్తను? నీ కొట్టు ఆ తొమ్మిదింటిలో ఒకటి.

వెంకటేశ్వర్లుగారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "నీకు చెప్పేదానికి నోరు రాలేదప్పా దేవరాజూ. బండి సేలం వాళ్ళకు ఇచ్చేసినా" అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నేనే ఆయనకు నీళ్ళు తెచ్చి ఇచ్చాను. లారీని అత్తిబెలె దాకా నేనే నడిపి సేలం మనుషులకు తాళం ఇచ్చాను. వాళ్ళు దాని చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిలబడి ఉన్నాను. ఆ డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా నా ఎడమకాలు కిందికి నొక్కుతూనే ఉంది.

తర్వాత ఒక నెల పొద్దున్నే స్నానం చేసి కలాసిపాళ్యం వెళ్ళి టీ అంగడిలో కూర్చునేవాడిని. ఇంట్లో ఉంటే ఏం చేయాలో తెలియలేదు. నా సంసారం సంగతి నీకు తెలుసు. ఎప్పుడూ దారిలో ఉండేవాడితో కాపురం చెయ్యలేనని ఆమె వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళు. గదిలో మాట్లాడేదానికి గోడలే ఉన్నాయి.

ఇప్పుడు పని దొరికింది. హొసకోటె దగ్గర పెద్ద గోదాము. కంటెయినర్ బండికి సీలు వేసి ఇస్తారు. ఎక్కడికి పోవాలో ఫోనే చెబుతుంది. లోపల ఏముందో మనం చూడనక్కరలేదు. ఏ లైనో ఇంకా ఖాయం కాలేదు.

ఇది మాత్రం నిజం.

దేవరాజు


పలమనేరు,
3 జూన్ 2024.

దేవా,

నీ మీద కోపం పోయింది. ఇప్పుడు వేరే కోపంలో ఉన్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

బాషాభాయి కొట్టు మూసేశాడు. అతని నాయన పెట్టిన కొట్టు. చివరి రోజు నా గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, నా ఎడమపక్క వంగి, "అమ్మా, ఇంక పక్కన నేనుండను. షట్టరు తాళం రెండుసార్లు చూసుకో" అని చెప్పాడు. మదనపల్లెలో కూతురింటికి పోయాడు. పొద్దున నేను కొట్టు తెరిచేటప్పుడు ఒక చెయ్యి ఎత్తేవాడు. అంతే మా పలకరింపు. ఇప్పుడు అటు చూస్తే సిమ్ కార్డుల కాగితాలు అంటించిన రేకు.

నా కొట్టుకు మనుషులు రాకపోలేదు. వస్తారు. కుక్కరు చేతిలోకి తీసుకుంటారు, మూత తిప్పి చూస్తారు, "ఇది కరెంటు పొయ్యి మీద పనికొస్తాదా అక్కా?" అని అరిచి అడుగుతారు. నేను అన్నీ విప్పి చూపిస్తాను. ఫోటో తీసుకుని పోతారు. నాలుగు రోజులకు అదే కుక్కరు అట్టపెట్టెలో వాళ్ళింటికి వస్తుంది. మొన్న ఒకామె అలా తెప్పించుకున్న కుక్కరుకు రబ్బరు సరిగా పట్టలేదని నా దగ్గరికే తెచ్చింది. సిగ్గుపడుతూ తెచ్చింది పాపం. వేసి ఇచ్చాను. పనిముట్టు చేతికిస్తే నా చేతులు ఊరుకోవు.

బజారు చివర పాత బియ్యం మిల్లులో ఏప్రిల్ నుంచి పార్సిల్ సెంటర్ పెట్టారు. రోజూ పొద్దున ఆరింటికి బెంగుళూరు నుంచి తెల్లటి కంటెయినర్ నా కొట్టు ముందునుంచే పోతుంది. నాకు శబ్దం వినపడదు. కానీ నేల అదురుతుంది, అరల్లో గిన్నెలు కదులుతాయి. వెనకగదిలో మంచం మీద ఉండగానే వీపుకు తెలుస్తుంది, అదిగో వచ్చింది అని. ఆ బండి తోలేవాడు ఎవడో గాని, వాడికి అక్కచెల్లెళ్ళు లేరా, వాడు తినే ముద్ద వాడికి ఎలా దిగుతుంది అనుకుంటూ లేస్తాను. పొద్దున్నే ఒక మనిషిని తిట్టుకుంటూ లేవడం మంచిది కాదని తెలుసు. అయినా లేస్తున్నాను.

నీకు లైను ఖాయమైందా? ఎటువైపు వేశారు?

అక్క


కాడుగోడి,
7 జులై 2024.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి తీరిక దొరకలేదు.

పని ఫరవాలేదు. బండి కొత్తది, ఏసీ కూడా ఉంది. క్లీనరు లేడు, రెండో డ్రైవరు లేడు. నా ముఖానికి ఎదురుగా ఒక చిన్న కెమెరా. ఆవలిస్తే కూత పెడుతుంది. పక్కకు చూస్తే కూత పెడుతుంది. పాట పాడుకున్నా నోరు కదులుతోందని కూస్తుందేమోనని పాడటం మానేశాను. గోదాములో నన్ను బండి నంబరులో చివరి నాలుగు అంకెలతో పిలుస్తారు. "డెబ్భై ఒకటి ఇరవై, గేటు ఆరుకు పో" అంటారు. సరుకు దించే చోట డ్రైవరు కిందికి దిగకపోయినా ఎవరికీ పట్టదు. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు, తలుపు మూసి బండి మీద రెండుసార్లు చరుస్తారు. పొమ్మని దాని అర్థం. కొన్ని రోజులు నిద్రపోయేముందు లెక్క చూసుకుంటే, ఆ రోజు మొత్తం మీద నేను మాట్లాడింది "ఆఁ సార్" ఒక్కటే.

నువ్వు తిట్టుకునే ఆ డ్రైవరు కూడా ఇలాంటివాడే అయి ఉంటాడు. సరుకు ఎవరిదో, ఎవరికి పోతుందో అతని చేతిలో ఉండదు కదా. నేను అతని తరపున మాట్లాడటం లేదు. ఊరికే అంటున్నాను.

బాషాభాయి పోవడం బాధగా ఉంది. నువ్వు ఒంటరిదానివైపోయావు. వానలు మొదలయ్యాయి. కొట్టు ముందు రేకు ఎడమవైపు కిందికి జారి ఉంది, దాని కింద నిలబడకు. ఎవరినైనా పిలిచి కట్టించు.

దేవరాజు


పలమనేరు,
13 జులై 2024.

దేవరాజూ,

రేకు జారింది జూన్ నెలాఖరు గాలివానకు. ఆ సంగతి నేను ఎవరికీ రాయలేదు, చెప్పలేదు. నీకెలా తెలిసింది?

ఏ లైనుకు వేశారని అడిగాను. దానికి జవాబు లేదు.

మునిలక్ష్మి


కాడుగోడి,
4 ఆగస్టు 2024.

అక్కా,

ఇది రాయడానికి మూడు వారాలు పట్టింది. రెండు ఉత్తరాలు రాసి చించేశాను.

నువ్వు తిట్టుకునే మనిషిని నేనే.

నాకు లైను ఖాయమైంది ఏప్రిల్‌లోనే. మొదటి రోజు ఫోను చూపించిన దారినే పోయాను. కోలారు, ముళబాగిలు, నంగలి. అన్నీ మన పాత ఊళ్ళే. ఏ ఊళ్ళోనూ ఆపే పని లేదు. పలమనేరు రాగానే బైపాసు వదిలి ఊళ్ళోకి తిరగమని చెప్పింది. బజారు వీధిలో నీ కొట్టు దగ్గరికి వచ్చాక గేరు తగ్గించి, శబ్దం కాకుండా మెల్లగా పోనిచ్చాను. దాటిపోయాక గాని గుర్తు రాలేదు, నీకు ఎలాగూ వినపడదని. గిన్నెలు కదులుతాయని నాకు తెలియదక్కా. నీ ఉత్తరంలో ఆ మాట చదివి బయటికి వచ్చి రైలు స్టేషను మెట్ల మీద కూర్చున్నాను.

ఎందుకు ఆగలేదంటావు. ఏం చెప్పి ఆగేది? నలభై డజన్ల పెట్టెలు వెనకేసుకుని వచ్చి, నీ ముందు నిలబడి, అక్కా అన్నం పెట్టు అననా? ఒకరోజు తలుపు తీసినప్పుడు పైనున్న పెట్టె మీద బొమ్మ కనపడింది, మూడు లీటర్ల కుక్కరు. నీ అరలో ఉండేదే. అది మన వీధికే వచ్చి ఉంటుంది.

మే నెలలో ఒకరోజు నువ్వు మిల్లు ఎదురుగా రోడ్డు అవతల నిలబడ్డావు. బూడిదరంగు చీర కట్టుకున్నావు. నేను టోపీ కిందికి లాక్కుని అద్దం ఎత్తేశాను. నువ్వు బండిని చూస్తున్నావు. పది అడుగుల దూరంలో ఉండి నిన్ను అలా చూడటం, అంతకన్నా చెడ్డ రోజు నాకు లేదు. నువ్వు సన్నబడ్డావు.

ఇంకో సంగతి. నీ కొట్టు వచ్చినప్పుడు నా తల దానంతటదే అటు తిరుగుతుంది. కెమెరా కూస్తుంది. రోజూ అదే చోట కూస్తోందని సూపర్‌వైజరు పిలిచాడు. "పలమనేరులో డైలీ ఒకే జాగాలో పక్కకు చూస్తా ఉండావు, అక్కడేముండాదప్పా?" అని అడిగాడు. "ఏం లేదు సార్, రోడ్డులో గుంత" అన్నాను. నవ్వి వదిలేశాడు.

నాకు యాభై ఒక్కటి. స్టీరింగు తప్ప వేరే పని చేతకాదు. అయినా నువ్వు మానేయమంటే మానేస్తాను. ఒక్క మాట రాయి చాలు.

దేవరాజు


కాడుగోడి,
8 సెప్టెంబరు 2024.

అక్కా,

జవాబు లేదు. వారం రోజులుగా నేను తిరిగి వచ్చే వేళకు కూడా నీ కొట్టు షట్టరు మూసే ఉంటోంది. బోర్డు కూడా లేదు. నిన్న మిల్లు దగ్గర సెక్యూరిటీ మనిషిని అడిగాను, "స్టీలు కొట్టమ్మ యాడికి పోయిందో తెలుసా?" అని. "ఆమె కొట్టు తీసేసిందప్పా. ఇల్లు అదే" అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నావా అని అడిగేలోపు నా టైము అయిపోయింది.

తిట్టయినా సరే, రాయి.

దేవరాజు


పలమనేరు,
20 అక్టోబరు 2024.

దేవా,

నీ ఉత్తరం చదివిన రోజు పొయ్యి వెలిగించలేదు. నువ్వు ఆ బండి నడిపినందుకు కాదు అంత బాధ. నాకు చెప్పకుండా నాలుగు నెలలు నా ముందునుంచే పోయావు. ఊరంతా దూరమైపోతుంటే, ఒక్క మనిషి ఎక్కడో ఉన్నాడులే అనుకున్నాను. ఆ మనిషి రోజూ నా గడప ముందునుంచి అద్దం ఎత్తుకుని పోతున్నాడు. దాన్ని మింగడానికే ఇన్నాళ్ళు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

కొట్టు ఆగస్టు నెలాఖరుకు తీసేశాను. మిగిలిన సరుకు చిత్తూరు వాళ్ళు పట్టుకుపోయారు. బోర్డు దించేటప్పుడు మాత్రం లోపలికి వెళ్ళిపోయాను. ముందరి గది ఖాళీ. మాట్లాడితే గది తిరిగి మాట్లాడుతున్నట్టు ఒంటికి తెలుస్తుంది. వినపడకపోయినా తెలుస్తుంది.

ఇక జరిగింది విను. పోయిన నెల ఒక పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద అట్టపెట్టె ఉంది. నాది కాదు. ఎదురు సందులో సుబ్బలక్ష్మమ్మగారిది. చిరునామాలో "మునీశ్వర స్టీల్ సెంటర్ ఎదురు సందు" అని ఉంది. పెట్టె తెచ్చినవాడికి బోర్డు కనపడక, నన్నే అడుగుదామని వచ్చి, నేను పలకకపోతే అక్కడే పెట్టిపోయినట్టున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పెట్టె తీసుకుని నేరుగా మిల్లుకు పోయాను, నాలుగు మాటలు అడిగేద్దామని.

లోపల అంతా పెట్టెల కుప్పలు. అక్కడ పెద్దగా ఉండే అమ్మాయి పేరు అక్షర, పాతికేళ్ళు కూడా ఉండవు. తల పట్టుకుని కూర్చుని ఉంది. నేను అడిగేలోపే ఒక పెట్టె నా ముందు పెట్టి చూపించింది. స్టీల్ సెంటర్ పక్కన. ఇంకొకటి. స్టీల్ సెంటర్ వెనక మేడ. ఆ కుప్పలో పదకొండు పెట్టెల మీద నా కొట్టు పేరు ఉందిరా. కొనడానికి రాని వాళ్ళందరికీ దారి చెప్పుకోవడానికి మాత్రం నా కొట్టు కావలసి వచ్చింది. తిట్టాలని పోయినదాన్ని, ఆ పేరు మీద వేలు పెట్టి చదువుకుంటూ నిలబడ్డాను.

ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి, చెవి దగ్గరికి వచ్చి, "ఆంటీ, బోర్డు ల్యాక మావాళ్ళు వారం నుంచి తిరగతా ఉండారు. ఈ ఇండ్లన్నీ ఎవరివో మీకు తెలుసా?" అని అరిచింది.

"తెలియక పోయేదానికి నేనేమన్నా పరాయిదాన్నా?" అన్నాను. అక్కడే కూర్చుని పదకొండూ వీధుల వారీగా వేరు చేసి పెట్టాను. ఆ తర్వాత ఇంకో నలభై.

మరుసటి రోజు ఆ పిల్లే ఇంటికి వచ్చింది. పొద్దున ఐదున్నర నుంచి పదకొండు దాకా పెట్టెలు వీధుల వారీగా సర్దే పని. నెల రోజులు ఆలోచించాను. బాషాభాయి ఉంటే ఏమనేవాడో అనుకున్నాను. నువ్వు ఏమంటావో అని కూడా అనుకున్నాను. చివరికి, పొద్దున లేచి పోవడానికి ఒక చోటు ఉంటుంది కదా అని ఒప్పుకున్నాను.

నువ్వు మానేస్తే నా కొట్టు తెరుచుకోదు. ఇంకొకడు తోలుతాడు. కాబట్టి మానొద్దు. నవంబరు నాలుగు, సోమవారం నుంచి నేను మిల్లులో ఉంటాను. ఆ రోజు బండి దిగు.

అక్క


చందాపుర,
19 జనవరి 2025.

అక్కా,

ఈ ఉత్తరం చందాపుర నుంచి. ఊరు మారడం చూసి నీకు అర్థమై ఉంటుంది.

డిసెంబరు ముప్పైన బండి అప్పగించి గదికి వచ్చాక ఫోనులో ఒక మెసేజి వచ్చింది. మీ రూటు మార్చబడినది. రేపటి నుంచి చందాపుర గోదాములో హాజరు కావాలి. అంతే. సూపర్‌వైజరు దగ్గరికి పోయాను. పలమనేరు లైను నాకు పదిహేడేళ్ళ పాతది సార్, అక్కడ మా అక్క ఉంది అని చెప్పాను. "సిస్టమ్ వేసిందప్పా. నేనేం చేసేది?" అన్నాడు. మంచివాడే. అతని చేతిలో నిజంగానే ఏమీ లేదు.

ఇప్పుడు చిన్న వ్యాను. చందాపుర నుంచి బెళ్ళందూరు వైపు అపార్ట్‌మెంట్లు. గేటు దగ్గర పేరు, నంబరు రాసి, వెనకవైపు లిఫ్టులో ఎక్కి, తలుపు ముందు పెట్టె పెట్టి, ఫోటో తీసి దిగాలి. తలుపులు తెరుచుకోవు. గంట కొడితే గోడలోని చిన్న పెట్టెలోంచి "అక్కడ పెట్టేయండి" అని వినపడుతుంది. మొన్న పద్నాలుగో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది. నాకు ఏం మాట్లాడాలో తోచక పెట్టె ఇచ్చి వెంటనే వచ్చేశాను. లిఫ్టులో దిగుతూ అనుకున్నాను, కనీసం నమస్కారం అని అయినా అనాల్సింది.

కాడుగోడి గది వదిలేసి ఇక్కడ ఫ్యాక్టరీ పనివాళ్ళతో కలిసి ఉంటున్నాను. వాళ్ళ షిఫ్టు వేరు, నా వేళ వేరు. పడుకున్న మనుషులనే చూస్తాను.

మిల్లులో నీతో కూర్చున్న పొద్దులు రోజూ గుర్తొస్తాయి. ఎన్నని లెక్కపెట్టలేదు, పెట్టి ఉండాల్సింది. సరుకు దించే ఇరవై ఐదు నిమిషాలు. మనం పెద్దగా మాట్లాడుకున్నది కూడా లేదు. నేను అరిస్తే అందరూ వింటారని నువ్వు చెయ్యి ఊపేసేదానివి. మొదటిరోజు నేను దిగి నీ ముందు నిలబడినప్పుడు నువ్వు నా చొక్కా గుండీ సరిచేసి, "తిను" అన్నావు. ఇంక దాని గురించి మనం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాల్సిందేమో. టైము చాలలేదు.

నన్ను తినేస్తున్నది ఒక్కటే. చివరి రోజు అది చివరిదని నాకు తెలియదు. మామూలుగానే బండెక్కి వచ్చేశాను. మరుసటి పొద్దున నువ్వు ఎప్పటిలా బండి దగ్గరికి వచ్చి ఉంటావు. నీకు ఫోను చేసి చెప్పే వీలు లేదు. అక్షరకు మెసేజి పెట్టాను, చూసిందో లేదో తెలియదు.

ఆ పొద్దున ఏం జరిగిందక్కా?

దేవరాజు


పలమనేరు,
2 ఫిబ్రవరి 2025.

దేవా,

అక్షర ఆ రోజు సెలవు. నీ మెసేజి సంగతి తర్వాత కూడా నాకెవరూ చెప్పలేదు.

ఆరింటికి కాళ్ళ కింద నేల అదిరింది. బండి వెనక్కి తిరిగి తలుపు దగ్గర నిలబడింది. నేను ఇద్దరికీ ఉప్మా పెట్టుకుని వచ్చాను. నువ్వు దిగలేదు. ఒళ్ళు బాగాలేదేమో అని ముందుకు వెళ్ళి చూశాను. అద్దం ఎత్తి ఉంది. లోపల ఎవరో ఉన్నారు, నువ్వు కాదు. నన్ను చూసి కూడా ముందుకే చూస్తూ కూర్చున్నాడు. నేను వెనక్కి వచ్చి పెట్టెల మధ్య నిలబడ్డాను. ఆ రోజు సర్దిన పెట్టెలు చాలా తప్పు వీధుల్లో పడ్డాయి. ఉప్మా ఇంటికి తీసుకెళ్ళి ఆవుకు పెట్టాను.

తర్వాతి రోజుల్లో కూడా నేను ఆ బండి వైపు పోలేదు. అతన్ని చూస్తే నీ చోట్లో కూర్చున్నాడని కోపం వచ్చేది. తెలివిలేని కోపమే. నీ ఉత్తరం వచ్చేదాకా నువ్వు చెప్పకుండా పోయావనే అనుకున్నాను. మళ్ళీ దాచాడు అనుకున్నాను. క్షమించు.

ఉత్తరం చదివిన మరుసటి పొద్దున, నాకు తోచింది చేశాను. నాలుగు ఇడ్లీలు ఆకులో కట్టుకుని వెళ్ళి బండి తలుపు తట్టాను. ఏదో ఫిర్యాదు అనుకున్నాడో ఏమో, ఉలిక్కిపడి అద్దం దించాడు. నీ వయసే ఉంటుంది, జుట్టు మొత్తం నెరిసింది. "కిందికి దిగి తినప్పా, ఇంకా టైముండాది" అన్నాను. కాసేపు నన్నే చూశాడు. దిగాడు. పేరు స్టాన్లీ అట. కోలారు బంగారు గనుల దగ్గర ఊరు. ఇంతకుముందు ఒక పెద్ద బట్టల కంపెనీ షాపులకు సరుకు తోలేవాడట. ఆ షాపులు మూతపడ్డాయి. ఇదంతా అతను చేతులతో సగం, నా చెవి దగ్గర సగం చెప్పాడు. నీ గురించి నేను చెప్పాను. నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావని అడిగాడు. చందాపుర అంటే, తల ఊపి, ఇంకో ఇడ్లీ తుంచాడు.

వాళ్ళు బండి మీద రెండుసార్లు చరిచారు. అతను చెయ్యి కడుక్కుని ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలాక అద్దంలోంచి ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనపడింది గాని నాకు తెలియలేదు. "గట్టిగా చెప్పప్పా, నాకు చెవుడు" అని చెవి చూపించాను.

బండి ఆపేశాడు. తల మొత్తం బయట పెట్టి, మిల్లులో అందరూ చేతిలో పని ఆపి చూసేంత గట్టిగా అరిచాడు:

"అమ్మా, రేపు కూడా ఉంటారా?"

ఉంటానని చెప్పాను.

నీకు ఆదివారాలు సెలవే కదా. బస్సెక్కి రా.

అక్క